మేనేజరు కుర్చీలోంచి జవాబు

బ్రిటన్‌లో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్సీ చేసి, సైట్ ఇంజినీరుగా చేరి, టోటల్ స్టేషన్ భుజాన వేసుకుని రెండు మూడేళ్లు లెవెల్సు ఇచ్చిన తెలుగువాళ్లకు ఒక రోజు ఆఫీసు నుంచి మెయిలు వస్తుంది. ఫలానా సోమవారం నుంచి శుక్రవారం దాకా మిమ్మల్ని ఎస్ఎంఎస్‌టీఎస్‌కు పంపుతున్నాం అని. పూర్తి పేరు సైట్ మేనేజ్‌మెంట్ సేఫ్టీ ట్రైనింగ్ స్కీమ్. సీఐటీబీ అనే నిర్మాణరంగ శిక్షణ సంస్థ పర్యవేక్షణలో నడిచే ఐదు రోజుల కోర్సు. వరుసగా ఐదు రోజులు పెట్టేవాళ్లున్నారు, వారానికొక రోజు చొప్పున ఐదు వారాలు లాగేవాళ్లూ ఉన్నారు. చివర్లో పరీక్ష. పాసైతే ఐదేళ్లు చెల్లే సర్టిఫికెట్టు ఇస్తారు. ఇది ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. కానీ పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర ఇది లేనిదే సైటు బాధ్యత చేతికి రాదు.

మెయిలు చదవగానే మనవాళ్లు చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పెట్టడం: ‘అన్నా, బిట్లు ఏమైనా ఉన్నాయా?’

అడగడంలో తప్పులేదు. ఎంసెట్, ఈసెట్, గేట్ దాటుకుంటూ వచ్చినవాళ్లం. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఏరుకునే విద్య మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఈ పరీక్షలోనూ ఎక్కువగా ఆప్షన్లున్న ప్రశ్నలే వస్తాయి కాబట్టి ఆ విద్య కొంతవరకు పనికొస్తుంది కూడా. చిక్కెక్కడంటే, ఇక్కడ చాలా ప్రశ్నలకు నాలుగు ఆప్షన్లూ సబబుగానే కనిపిస్తాయి. ఒక ఇంజినీరుకు సరైన జవాబు ఒకటి, ఫోర్‌మన్‌కు ఇంకొకటి, కూలీకి మరొకటి. అడుగుతున్నది మాత్రం మేనేజరు ఏం చేయాలి అని. బిట్లు బట్టీ పట్టినవాళ్లు బోల్తా పడేది అక్కడే. ఒక ఉదాహరణ చూద్దాం. అసలు పరీక్ష పేపరులోది కాదు, నేను తయారు చేసింది.

గాలివాన తర్వాతి సోమవారం

శనివారం రాత్రి గట్టి ఈదురుగాలి వీచింది. సోమవారం ఉదయం ఏడున్నరకు తాపీ పనివాళ్లు పరంజా మూడో లిఫ్టు, అంటే మూడో అంచె ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. పరంజాకు తగిలించిన ట్యాగు మీద గురువారం తనిఖీ చేసినట్టు సంతకం ఉంది. మీరు సైట్ మేనేజరు. ఏం చేస్తారు?

ఒకటి: తనిఖీ జరిగి ఏడు రోజులు కాలేదు కాబట్టి పనికి అనుమతిస్తారు. రెండు: అందరూ హార్నెస్ వేసుకోవాలని చెప్పి పంపిస్తారు. మూడు: ఎవరినీ ఎక్కనివ్వకుండా ఆపి, అర్హత ఉన్న వ్యక్తి చేత తనిఖీ చేయించి, నివేదిక రాయించిన తర్వాతే వదులుతారు. నాలుగు: హెచ్ఎస్ఈకి, అంటే ప్రభుత్వ ఆరోగ్య భద్రతా యంత్రాంగానికి ఫోన్ చేస్తారు.

‘పరంజా తనిఖీ – ఏడు రోజులకోసారి’ అని బిట్టు బట్టీ పట్టినవాళ్లు ఒకటో ఆప్షను గుర్తించి ముందుకెళ్తారు. ఆ బిట్టు నిజమే, కాకపోతే మూడో వంతు నిజం. 2005 నాటి వర్క్ ఎట్ హైట్ నిబంధనల ప్రకారం పరంజాను మొదటిసారి వాడే ముందు చూడాలి, ఆ తర్వాత ఏడు రోజులకు మించకుండా చూస్తూ ఉండాలి, దాని పటుత్వాన్ని దెబ్బతీసే ఘటన ఏది జరిగినా మళ్లీ చూడాలి. గాలివాన అలాంటి ఘటనే. టెలిహ్యాండ్లర్ తగలడమూ అలాంటిదే. ఎవరో బ్రిక్‌లేయరు అడ్డంగా ఉందని ఒక టై పీకేయడమూ అలాంటిదే.

రెండో ఆప్షను మనదేశంలో సైట్లు చూసి వచ్చినవాళ్లను లాగుతుంది. మన దగ్గర సేఫ్టీ అనగానే హెల్మెట్, బెల్టు గుర్తొస్తాయి. కానీ పరంజాయే కూలితే దానికే కట్టుకున్న బెల్టు ఎవరిని కాపాడుతుంది? నాలుగో ఆప్షను భయస్తులది. పైవాడికి చెప్పేస్తే మన తల మీద నుంచి పోతుందన్న ఆలోచన అందులో ఉంది. ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసేలోగా పనివాళ్లు ఎక్కేస్తారు కదా. మేనేజరు జవాబు మూడోదే. ఆపాలి, తగిన మనిషి చేత చూపించాలి, కాగితం మీద పెట్టాలి.

ఆపే అధికారం మీకుందని మీరు నమ్మితేనే ఆ జవాబు మీ కంటికి కనబడుతుంది. ఇరవై ఆరేళ్ల తెలుగు ఇంజినీరు, ముప్ఫయ్యేళ్ల అనుభవమున్న బ్రిక్‌లేయర్ల ముఠాను ఒక పూట ఖాళీగా కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు. మనకేమో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో పెంచారు. కోర్సుకు వెళ్లేముందు చేయాల్సిన అసలు తయారీ ఇదే అంటాను. మీ సైటులో చిన్న విషయంతో మొదలుపెట్టండి. నడకదారికి అడ్డంగా పడున్న కేబుల్, మూత లేని ఒక గుంత. ‘ఇది సరిచేశాక పని మొదలుపెడదాం’ అని గొంతు పెంచకుండా చెప్పడం అలవాటు చేసుకోండి. వారం రోజులు అలా చెప్పి చూసినవాళ్లకు పరీక్షలో మూడో ఆప్షను దానంతటదే కళ్లకు కడుతుంది.

వరుస తప్పకూడదు

కోర్సులో తొలిరోజు నుంచే ఒక వరుస చెబుతారు. ప్రమాదాన్ని అసలే లేకుండా చేయగలమా? కాకపోతే తగ్గించగలమా? కాకపోతే మనుషుల నుంచి వేరు చేయగలమా? అదీ కాకపోతే పనిపద్ధతితో అదుపు చేయగలమా? ఇవన్నీ అయ్యాక చేతి తొడుగులు, ముక్కు మాస్కు. చాలా ప్రశ్నలు ఈ వరుసను ఏదో ఒక వేషంలో అడిగేవే. ఎత్తులో పని గురించి అడిగితే: నేల మీదే చేయగలిగిన పనికి ఎత్తుకు ఎక్కించొద్దు, ఎక్కక తప్పకపోతే పడకుండా చూడు, పడే వీలు ఇంకా మిగిలుంటే పడే దూరాన్నీ దెబ్బనూ తగ్గించు. పడకుండా చూడడంలో కూడా అందరినీ ఒకేసారి కాపాడే గార్డ్ రెయిలు ముందు, ఒక్కణ్ని కాపాడే హార్నెస్ వెనుక. గార్డ్ రెయిలు ఎత్తు కనీసం 950 మిల్లీమీటర్లు, రెయిళ్ల మధ్య ఖాళీ 470 మిల్లీమీటర్లకు మించకూడదు. బ్రిటన్ నిర్మాణ రంగంలో ప్రాణాలు తీసే కారణాల్లో ఎత్తు నుంచి పడడానిదే మొదటి స్థానం కాబట్టి ఈ భాగానికి ఒక సాయంత్రం ఎక్కువ కేటాయించినా నష్టం లేదు.

ఇదే వరుసను దుమ్ము మీద కూడా పెట్టి చూడండి. పేవింగ్ రాయి కోస్తున్న పనివాడికి మాస్కు ఇవ్వడం మొదటి జవాబు కాదు. కోయనక్కర్లేని సైజులో రాళ్లు తెప్పించగలమా అన్నది మొదటి ప్రశ్న. కాకపోతే నీళ్లు పెట్టి కోయించడం, దుమ్ము లాగే యంత్రం బిగించడం. మాస్కు వాటి తర్వాత, అది కూడా ముఖానికి సరిగ్గా అమరుతుందో లేదో పరీక్షించాకే. గడ్డం ఉంటే అమరదు. దీని మీద ప్రశ్న వస్తే ఆశ్చర్యపోకండి. బ్రిటన్ నిర్మాణ కార్మికుల్లో ప్రమాదాల వల్ల పోయేవాళ్ల కంటే పనిలో పీల్చిన దుమ్ము, ఆస్‌బెస్టాస్ వంటివాటితో వచ్చిన జబ్బుల వల్ల పోయేవాళ్లే చాలా ఎక్కువ. అందుకే ట్యూటర్లు ఆరోగ్యం గురించి అంతసేపు మాట్లాడతారు. మనకు అది పక్క విషయంలా అనిపించి ఫోను చూసుకుంటాం.

ఆస్‌బెస్టాస్ దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మనం సిమెంటు రేకుల కింద పెరిగినవాళ్లం. కోళ్ల ఫారం, బడి వరండా, సైకిల్ స్టాండు, అన్నీ ఆ రేకులే. విరిగిన రేకు ముక్కతో ఆడుకున్నవాళ్లం కూడా. బ్రిటన్‌లో దాన్ని 1999లో పూర్తిగా నిషేధించారు. 2000కు ముందు కట్టిన ఏ భవనంలోనైనా అది ఉండవచ్చన్న అనుమానంతోనే పని మొదలుపెట్టాలి. కూల్చివేతకూ మార్పులకూ ముందు దానికోసమే సర్వే చేయించాలి. పని మధ్యలో అనుమానాస్పదమైన బోర్డు బయటపడితే మేనేజరు చేసే మొదటి పని తడిపి సంచిలో వేయించడం కాదు. పని ఆపి, మనుషుల్ని దూరంగా పంపి, ఆ చోటికి ఎవరూ రాకుండా చూడడం.

ఎవరి పని ఎవరిది

మనదేశంలో 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాల్లో 500 మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న సంస్థకు సేఫ్టీ ఆఫీసరు ఉండాలని పెట్టారు. దానివల్ల మన బుర్రల్లో ఒక ముద్ర పడిపోయింది: సేఫ్టీ అంటే సేఫ్టీ ఆఫీసరు చూసుకునే పని, మనది ప్రొడక్షన్. బ్రిటన్‌లో సేఫ్టీ అడ్వైజరు ఉంటారు కానీ వాళ్లు సలహా చెప్పేవాళ్లే. బాధ్యత పని నడిపించేవాడిది. ఇది తలకెక్కకపోతే 2015 నాటి సీడీఎం (నిర్మాణ డిజైన్, నిర్వహణ) నిబంధనల మీద వచ్చే ప్రశ్నలన్నీ గందరగోళంగానే ఉంటాయి.

ఆ నిబంధనలు సంతకాల పంపకం లాంటివి. ఏ కాగితం ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే. హెచ్ఎస్ఈకి ఎఫ్10 నోటీసు పంపాల్సింది క్లయింటు. చాలామంది ప్రిన్సిపల్ కాంట్రాక్టర్ అని రాస్తారు, ఎందుకంటే సైటు బోర్డు దగ్గర దాన్ని అతికించేది వాళ్లే కనుక. పని 30 పనిదినాలు దాటి, అందులో ఎప్పుడైనా ఒకేసారి 20 మందికి మించి ఉంటే ఆ నోటీసు పంపాలి. లేదా మొత్తం పని 500 వ్యక్తి-దినాలు దాటినా పంపాలి. 30 రోజులూ 20 మందీ రెండూ కలిసి రావాలి, 500 విడిగా వస్తుంది. ఇక్కడ ‘మరియు’, ‘లేదా’ తేడాకే మార్కు. నిర్మాణ దశ ప్రణాళిక రాయించాల్సింది ప్రిన్సిపల్ కాంట్రాక్టరు, అదీ సైటు తెరవక ముందే. నోటీసు అక్కర్లేని చిన్న పనికి కూడా ఈ ప్రణాళిక ఉండాల్సిందే. భవనం పూర్తయ్యాక యజమాని చేతికి వెళ్లే ఆరోగ్య భద్రతా ఫైలు తయారు చేయాల్సింది ప్రిన్సిపల్ డిజైనరు.

వీటన్నిటికీ పైన పనిచోట ఆరోగ్య భద్రతకు సంబంధించిన 1974 చట్టం ఉంది. అందులో పదేపదే వచ్చే షరతు ‘సహేతుకంగా సాధ్యమైనంత మేరకు’ అన్నది. దాని అర్థం 1949లో ఎడ్వర్డ్స్ వర్సెస్ నేషనల్ కోల్ బోర్డ్ అనే కేసులో తేలింది. గనిలో ఊతం లేని గోడ కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. ఒక పక్క ప్రమాదాన్నీ ఇంకో పక్క దాన్ని నివారించడానికయ్యే ఖర్చు, శ్రమ, సమయాన్నీ తూకం వేయాలని, ఖర్చు ప్రమాదంతో పోలిస్తే మరీ అసంగతంగా ఎక్కువైతేనే వదిలేయవచ్చని కోర్టు చెప్పింది. ‘బడ్జెట్టులో లేదు’ అన్న జవాబు ఏ ఆప్షనులో కనిపించినా అది తప్పని మీరు కళ్లు మూసుకుని చెప్పగలగడానికి ఈ కేసే కారణం. ఉద్యోగి మీద కూడా ఆ చట్టం బాధ్యత పెట్టింది. తన ఒంటినీ, తన పనివల్ల ప్రభావితమయ్యే పక్కవాణ్నీ కాపాడుకోవడం అతని విధి. మేనేజరు కూడా ఉద్యోగే కాబట్టి మీరు రెండు వైపులా ఇరుక్కుంటారు.

అంకెలు

అంకెలు బట్టీ పట్టొద్దని నేను చెప్పను, పట్టాల్సిందే. కానీ ప్రతి అంకెకూ ఒక కారణం తగిలించుకుంటే మర్చిపోరు. లిఫ్టింగ్ పరికరాలనే తీసుకోండి. మనుషుల్ని ఎత్తే యంత్రానికి ఆరు నెలలకోసారి క్షుణ్ణమైన పరీక్ష. స్లింగులు, షాకిల్స్ వంటి ఉపకరణాలకూ ఆరు నెలలే, ఎందుకంటే అవి రోజూ నేల మీద పడి నలుగుతాయి. సరుకు మాత్రమే ఎత్తే క్రేనుకు పన్నెండు నెలలు. శబ్దానికి 80, 85 డెసిబెల్స్ రెండు మెట్లు: మొదటి మెట్టు దగ్గర చెవి రక్షణ అడిగితే ఇవ్వాలి, రెండోదాని దగ్గర పెట్టుకునేలా చేయాలి. 87 దాటనే కూడదు. చేతి పరికరాల కరెంటు 110 వోల్టులు, మధ్యలో ఎర్త్ చేసిన ట్రాన్స్‌ఫార్మరు నుంచి వస్తుంది కాబట్టి షాకు కొట్టినా ఒంటికి తగిలేది 55. నిచ్చెన నాలుగు ఎత్తుకు ఒకటి దూరం.

ఏడు అనే అంకెతో మాత్రం జాగ్రత్త. పరంజా తనిఖీకి ఏడు రోజులు, ప్రమాదాలను అధికారులకు తెలపాలని చెప్పే రిడార్ నిబంధనల్లో గాయానికీ ఏడు రోజులే. దెబ్బ తగిలిన మనిషి ఏడు రోజులకు మించి తన మామూలు పని చేయలేకపోతే హెచ్ఎస్ఈకి తెలపాలి. ప్రమాదం జరిగిన రోజును లెక్కలోకి తీసుకోరు, ఆ మధ్య వచ్చే శని ఆదివారాలను తీసుకుంటారు. తెలపడానికి ప్రమాదం నాటి నుంచి 15 రోజుల గడువు. తెలపాల్సింది గాయపడిన వ్యక్తి యజమాని, అంటే మీ సైటులోని సబ్ కాంట్రాక్టరు మనిషి అయితే ఆ సబ్ కాంట్రాక్టరే. పరంజా కూలడం వంటి ప్రమాదకర ఘటన అయితే సైటును అదుపు చేస్తున్నవారు.

అంకె లేని చోట అంకె వెతకడం కూడా ఒక ప్రమాదం. మన ఐఎస్ 3764 చదివినవాళ్లకు ఒకటిన్నర మీటరు దాటిన కందకానికి ఊతం పెట్టాలన్న లెక్క గుర్తుంటుంది. ఇక్కడి పాత మేస్త్రీలకు నాలుగడుగుల లెక్క గుర్తుంటుంది. ఇప్పటి బ్రిటిష్ నిబంధనల్లో సురక్షితమైన లోతు అంటూ ఏదీ లేదు. ఒక ఘనమీటరు మట్టి టన్నుకు పైగా తూగుతుంది. పైపు జాయింటు కోసం మోకాళ్ల మీద వంగిన మనిషికి మీటరు లోతు కూడా తల మునిగే లోతే. మనుషులు దిగే కందకాన్ని ప్రతి షిఫ్టు మొదట్లో తనిఖీ చేయాలి, మట్టి జారినా వాన పడినా మళ్లీ చేయాలి. తవ్వకముందు భూమిలోని కేబుళ్ల డ్రాయింగులు తెప్పించి, కేబుళ్లను పసిగట్టే క్యాట్ పరికరంతో వెతికి, అనుమానమున్న చోట చేతి పారతో తవ్వాలి. డ్రాయింగు ఉంది కదా అని జేసీబీ దించమనే ఆప్షను ఒకటి తప్పకుండా ఉంటుంది.

తరగతి గదిలో

ఐదు రోజుల్లో ఒక పూట ఎగ్గొట్టినా సర్టిఫికెట్టు రాదు. కాబట్టి ఆ వారంలో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే టికెట్టు పెట్టుకోకండి.

మీ పక్కన వడ్రంగులు, స్టీలు ఫిక్సర్లు, కాలేజీ మొహం చూడకుండా పైకొచ్చిన మేనేజర్లు కూర్చుంటారు. వాళ్ల యాస మొదటి రోజు అర్థం కాదు. గ్లాస్గో మనిషి దొరికితే మూడో రోజుకు కూడా కాదు. సిగ్గుపడకుండా మళ్లీ చెప్పమని అడగండి. ట్యూటరును సర్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవండి. అదే వాళ్లకు మర్యాద. సామాను, మనుషుల పేర్లు ముందే సైటులో అడిగి తెలుసుకోండి. వెనక్కి వచ్చే లారీకి దారి చూపే మనిషిని బ్యాంక్స్‌మన్ అంటారు. మనకు హోర్డింగ్ అంటే సినిమా పోస్టరు. పరీక్షలో మాత్రం అది సైటు చుట్టూ కట్టిన దడి.

గ్రూపు అభ్యాసాలు వచ్చినప్పుడు మనవాళ్లు చక్కగా నోట్సు రాసిపెట్టి మాట్లాడే పని వేరేవాళ్లకు వదిలేస్తారు. రాయడం మీకు ఎలాగూ వచ్చు. టూల్‌బాక్స్ టాక్ ఇమ్మంటే మీరే లేవండి. ఐదు నిమిషాలు, ఒకే విషయం, మీ సైటులో నిన్న చూసిన దానితో మొదలుపెట్టి, చివర్లో వినేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. అభ్యాసాల్లో మీ పాత్రను కూడా ట్యూటరు గమనిస్తూనే ఉంటారు. ఇక ఆ పాతకాపులు టీ విరామంలో చెప్పే కథలు వినండి. ఫలానా సైటులో పని ఆపించే ప్రొహిబిషన్ నోటీసు ఎందుకొచ్చిందో, అప్పీలు చేసినా పని ఎందుకు మొదలుకాలేదో వాళ్లు చెబితే, లోపం సరిదిద్దమనే ఇంప్రూవ్‌మెంట్ నోటీసు మీద అప్పీలు చేస్తే అది ఆగుతుందని, ప్రొహిబిషన్ నోటీసు అలా దానంతటది ఆగదని, రెండింటికీ అప్పీలు గడువు 21 రోజులని మీరు విడిగా చదవక్కర్లేదు.

సాయంత్రాలు సీఐటీబీ వారి కోర్సు పుస్తకం జీఈ700 మొత్తం చదవాలని చూడకండి, అది జరిగే పని కాదు. విషయసూచిక మాత్రం బాగా చూసుకోండి. ఆ రోజు చెప్పిన అంశాన్ని పుస్తకంలో వెతికి పట్టుకోవడం ప్రాక్టీసు చేస్తే పరీక్షకూ, ఆ తర్వాత సైటుకూ పనికొస్తుంది.

పరీక్ష పేపరు చేతికొచ్చాక ప్రశ్న చివరి మాటను ముందు చదవండి. ‘మొదట ఏం చేయాలి’ అన్నారా, ‘ముఖ్యంగా’ అన్నారా, ‘ఎవరు’ అన్నారా, ‘వీటిలో ఏవి కావు’ అన్నారా? ఒకటికి మించి జవాబులు గుర్తించమంటే ఎన్ని అడిగారో అన్నే గుర్తించండి. మొదట ఏం చేయాలి అన్నచోట జవాబు దాదాపు ఎప్పుడూ మనిషిని ప్రమాదం నుంచి దూరం చేసేదే అవుతుంది. విచారణ, నివేదిక, క్రమశిక్షణ చర్య తర్వాతి సంగతులు. ‘పనివాళ్లను హెచ్చరించి కొనసాగించాలి’ అనే ఆప్షను మన మనస్తత్వానికి చాలా ముద్దుగా కనిపిస్తుంది. ఏం కాదులే అనుకుంటూ పని జరిపించుకోవడం అలవాటైనవాళ్లం మరి. దాన్ని కొట్టేయండి.

సర్టిఫికెట్టు వచ్చాక రెండు విషయాలు. ఇది నిర్మాణ పనివాళ్ల నైపుణ్యాన్ని చూపే సీఎస్‌సీఎస్ కార్డుకు బదులు కాదు. కార్డుకు అర్హతలు వేరు, దానికి రాసే టెస్టూ వేరు. మామూలు కార్మికుల టెస్టయితే 45 నిమిషాల్లో 50 ప్రశ్నలు. రెండోది, ఐదేళ్ల గడువు ముగియకముందే రెండు రోజుల రిఫ్రెషర్ చేయాలి. గడువు దాటనిస్తే మళ్లీ ఐదు రోజులూ కూర్చోవాలి, ఫీజుతో సహా. ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ హెచ్ఆర్ గుర్తుచేయదు కాబట్టి ఆ తేదీకి ఆరు నెలల ముందు ఫోనులో ఒక అలారం పెట్టుకోండి.